ట్రాక్టరుకీ కందెన కావాలి



ఈవేళ ట్రాక్టరు ముందు చక్రాల గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే మా యింట్లో అందరూ నవ్వారు. "ఆవకాయ గురించి చెప్పరాదూ, వినేవాళ్ళైనా వుంటారు" అన్నారు మావారు. మీరూ నవ్వుకుంటున్నారేమో. నవ్వండి, ఫరవాలేదు. కానీ రేడియో మాత్రం కట్టెయ్యకండి.

మనలో చాలామందిమి పట్నంలో కాపురం వుంటున్నా, ఊళ్ళో ఎంతో కొంత భూమి వుంటుంది. తమ్ముడో, బావగారో చూస్తూ వుంటారు. ట్రాక్టరు కొన్నప్పుడు మన గాజులో, గొలుసో బ్యాంకులో పెట్టే వుంటాం. దమ్ముల ముందు ఫోను వస్తుంది. "అక్కా, ముందు యాక్సిల్ పని వచ్చింది, డబ్బు పంపు" అని. మనం ఏం చేస్తాం? "మొన్ననేగా చేయించావు, మళ్ళీ ఏమిటి?" అని గునుస్తాం. లేదా ఏ పనో అడగకుండానే పంపేస్తాం. రెండూ తప్పేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

మా పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర చిన్న పల్లె. 2023 మహాశివరాత్రికి పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. పక్కూళ్ళో తిరునాళ్ళ. ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి, అందులో వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, ఆడవాళ్ళం, పిల్లలం కలిసి పద్నాలుగుమందిమి ఎక్కాం. కాలవ గట్టు మీద మలుపు దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దిగి చూద్దుము గదా, ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నాయి! ఎడమది రోడ్డు వైపు, కుడిది కాలవ వైపు. డ్రైవరు స్టీరింగు తిప్పితే ఎడమ చక్రం మాట వింటోంది, కుడి చక్రం వినడం లేదు. మలుపు కాబట్టి బండి నెమ్మదిగా వుంది, డ్రైవరు వెంటనే బ్రేకు తొక్కాడు. కుడి చక్రానికీ గట్టు అంచుకీ మధ్య మూరెడు జాగా మిగిలింది. మా చిన్నవాడు అప్పటికీ ట్రక్కులో నిద్రపోతూనే వున్నాడు.

మెకానిక్కు పెద్దాయన వచ్చి, వంగి చూసి, ఓ తుప్పుపట్టిన తీగ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇదమ్మా సంగతి. ఇక్కడ స్ప్లిట్ పిన్ను వుండాలి. అంతకుముందు విప్పినవాళ్ళు పిన్ను దొరక్క బైండింగు తీగ చుట్టి వదిలేశారు. తీగ తెగింది, నట్టు వదులై వూడింది, రాడ్డు జారిపోయింది" అన్నాడు. ఆ పని ఎవరు చేశారో ఇప్పుడు అనవసరం. డబ్బు పంపిన నేనూ, చేయించిన తమ్ముడూ "ఏం విప్పారు, ఏం వేశారు" అని ఒక్క మాట అడగలేదు. అదీ అసలు సంగతి.

అప్పుడు మా తాతయ్య జ్ఞాపకం వచ్చాడు. ఆయన ఎడ్లబండి కట్టేముందు రెండు పనులు మానేవాడు కాదు. బండి కింద వేలాడే గొట్టంలోంచి కందెన తీసి ఇరుసుకి రాసేవాడు. చక్రం వూడిపోకుండా ఇరుసు చివర వుండే కడశీలను వేలితో కదిపి చూసేవాడు. ట్రాక్టరు వచ్చాక కందెన పేరు గ్రీజు అయింది, కడశీల పేరు స్ప్లిట్ పిన్ను అయింది. పేర్లు మారాయి గానీ అవసరం మారలేదు. మనమే చూడడం మానేశాం.

ఆ మర్నాడు మెకానిక్కు ఆ ముందు భాగమంతా విప్పి బాగు చేస్తుంటే, నేను కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాను. అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పాడు. నాకు తెలిసింది మీకు చెబుతాను.

ట్రాక్టరు ముందు అడ్డంగా ఒక ఇనప దూలం వుంటుంది. అదే ముందు యాక్సిల్. సరిగ్గా మధ్యలో ఒక లావుపాటి పిన్ను మీద వేలాడుతుంది, త్రాసుకాడ వేలాడినట్టు. ఒక చక్రం గట్టెక్కి, ఇంకోటి చాలులో దిగినా బండి ఒరగకుండా వుండేది అందుకే. దూలానికి రెండు చివరలా నిలువుగా చెరో ఇరుసు. తలుపు బందు మీద తిరిగినట్టు, చక్రం ఈ నిలువు ఇరుసు మీద కుడికీ ఎడమకీ తిరుగుతుంది. దీన్ని కింగ్ పిన్ను అంటారు. అది రాసుకుపోకుండా చుట్టూ బుష్షులు వుంటాయి. ఇక చక్రం నడిబొడ్డున హబ్బు, దాంట్లో రెండు బేరింగులు, మట్టి నీళ్ళు లోపలికి పోకుండా ఒక ఆయిల్ సీలు.

డ్రైవరు చేతిలోని స్టీరింగు నుంచి చక్రాలదాకా కబురు అందించేవి మరికొన్ని. స్టీరింగు పెట్టె నుంచి ఒక చెయ్యి కిందికి వేలాడుతూ వుంటుంది. దానినుంచి డ్రాగ్ లింకు అనే రాడ్డు ఒక చక్రానికి వెడుతుంది. ఆ చక్రాన్నీ రెండోదాన్నీ కలిపేది టై రాడ్డు. మా బండికి జారిపోయింది అదే. కొన్ని కంపెనీల బండ్లకి అమరిక కొంచెం వేరుగా వుంటుంది గానీ, కీళ్ళు మాత్రం అన్నిటికీ ఒకటే తీరు. గిన్నెలో ఉసిరికాయ పెట్టి పైన మూత బిగిస్తే ఎటైనా తిరుగుతుంది గానీ బయటికి రాదు కదా? అలాంటి గుండు కీలు. పైన రబ్బరు తొడుగు వుంటుంది. తొడుగు చిరిగిందా, బురద లోపలికి పోయి గుండుని అరగదీస్తుంది.

ఇంకో విచిత్రం చెప్పాడు. బండి మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలూ సమానంగా తిరగవట. కోలాటంలో లోపలి వరసవాళ్ళది చిన్న వలయం, బయటి వరసవాళ్ళది పెద్ద వలయం కదా? అలాగే లోపలి చక్రం ఎక్కువ తిరగాలి, బయటిది తక్కువ తిరగాలి. లేకపోతే టైరు నేలని గీరుకుంటూ పోతుంది. రెండు చేతులూ, ఒక రాడ్డూ తగిన కోణంలో అమరిస్తే ఈ తేడా దానంతట అదే వస్తుంది. గుర్రబ్బండ్ల రోజుల్లోనే, 1818లో, లండనులో రుడాల్ఫ్ ఆకర్మన్ పేర దీనికి పేటెంటు వచ్చిందని మా అబ్బాయి పుస్తకంలో చూసి చెప్పాడు. ఇప్పటికీ ఆ పద్ధతికి ఆయన పేరే. రాడ్డు వంగినా, కీలు అరిగినా ఈ లెక్క చెడిపోతుంది.

సరే, ఇక సర్వీసు ఎలా చేస్తారో వినండి.

ముందు జాగ్రత్త. బండిని చదునైన నేలమీద ఆపి, హ్యాండు బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టాలి. జాకీతో ముందు భాగం ఎత్తాక, గట్టి స్టాండు గానీ చెక్క దిమ్మ గానీ పెట్టి దానిమీద నిలపాలి. జాకీని నమ్ముకుని కింద దూరకూడదు. యాక్సిల్ త్రాసులా వూగుతుందని చెప్పాను కదా? అందుచేత బండికీ యాక్సిల్‌కీ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు దూర్చి, వూగకుండా బిగించాలి. లేకపోతే ఎత్తిన బండి ఒక పక్కకి ఒరుగుతుంది.

తరవాత కీళ్ళ పరీక్ష. ఇది చక్రాలు నేలమీద వుండగానే చెయ్యాలి. ఒకరు స్టీరింగుని అటూ ఇటూ కాస్త కాస్త కదుపుతూ వుండాలి. ఇంకొకరు ఒక్కొక్క కీలు మీదా చెయ్యి ఆనించి చూడాలి. గుండు టక్కుమని కొట్టుకుంటున్నట్టు చేతికి తెలిస్తే ఆ కీలు అరిగినట్టే. దాన్ని మార్చాలి తప్ప బాగుచేయడం లేదు. ఈమధ్య బండ్లకి పవర్ స్టీరింగు వస్తోంది. వేలితో తిప్పినా తిరుగుతుంది. అలా తేలిగ్గా తిరుగుతోంది కదా అని కీళ్ళు బాగున్నట్టు అనుకోకూడదు. వాటికీ ఈ పరీక్ష చెయ్యాల్సిందే.

చక్రం పైకెత్తాక టైరుని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. కదిలితే రెండు కారణాలు వుంటాయి. ఇరుసు కదలకుండా చక్రం మాత్రమే ఊగితే హబ్బు బేరింగులు వదులు. ఇరుసుతో సహా ఊగితే కింగ్ పిన్ను బుష్షులు అరిగాయన్నమాట. ఈ తేడా చూడకుండా బేరింగులు మార్చి డబ్బు తీసుకునేవాళ్ళూ వుంటారు. అందుకే చెబుతున్నాను.

హబ్బు విప్పాక బేరింగుల్ని కిరసనాయిల్లో గానీ డీజిలులో గానీ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. రోలర్ల మీద గుంటలు, తుప్పు, కాలిన నీలి రంగు కనిపిస్తే మార్చెయ్యాలి. మార్చేటప్పుడు లోపలి ముక్కా, హబ్బులో కూర్చునే బయటి ముక్కా రెండూ కొత్తవే వెయ్యాలి. రోలూ పొత్రమూ ఒకదానికొకటి అలవాటుపడి అరిగినట్టు, ఈ రెండూ కలిసి అరుగుతాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే కొత్తదీ తొందరగా పాడవుతుంది.

గ్రీజు పెట్టడం చూస్తే నాకు గుత్తొంకాయ కూరే గుర్తొచ్చింది. కారం పైపైన పూస్తే కూర రుచి వస్తుందా? లోపలికి కూరాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానిమీద అదుముతూ పోవాలి. ఇటునుంచి కూరిన గ్రీజు రోలర్ల మధ్యనుంచి అటు పొడుచుకు వచ్చేదాకా చుట్టూ కూరాలి. పాత ఆయిల్ సీలు మళ్ళీ వాడకూడదు. కొత్తది వేసి హబ్బు ఎక్కించి, చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించాలి. చక్రం కాస్త పట్టేసినట్టు అయ్యాక, పిన్ను దూరే బెజ్జం ఎదురుపడేదాకా కొంచెం వెనక్కి వదలాలి. మరీ బిగిస్తే బేరింగు వేడెక్కి మాడిపోతుంది. వదులైతే చక్రం ఊగుతుంది. చక్రం సాఫీగా తిరగాలి, ఊగకూడదు. అప్పుడు కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి, కాళ్ళు విడదీసి వంచాలి. ఒకసారి వంచి తీసిన పిన్ను మళ్ళీ వాడరాదు. తీగ ముక్క, మేకు ముక్క అసలే పనికిరావు. ఆ పిన్ను ఖరీదు మన పిల్లలు కొనుక్కునే చాక్లెట్టు పాటి. దానిమీద మా పద్నాలుగు ప్రాణాలు వేలాడాయి.

చివరగా చక్రాల వరస. ముందు టైర్లు పైనుంచి చూస్తే ముందు వైపు రవ్వంత లోపలికి తిరిగి వుండాలి. చక్రాలు తిన్నగా పెట్టి, హబ్బు ఎత్తులో రెండు రిమ్ముల మధ్య దూరం ముందు ఒకసారి, వెనక ఒకసారి టేపుతో కొలుస్తారు. వెనక కన్నా ముందు కాస్త తక్కువ రావాలి. మా బండికి 3 నుంచి 6 మిల్లీమీటర్ల తేడా వుండాలన్నాడు. మీ బండికి ఎంతో దాని పుస్తకంలో వుంటుంది. తేడా తప్పితే టై రాడ్డుని పొడుగో పొట్టో చేసి సరిచేసి, లాకు నట్లు బిగిస్తారు. ఇది తప్పిన బండి రోడ్డు మీద ముందు చక్రాలు అల్లాడిస్తుంది, టైరు ఒక పక్కే అరిగిపోతుంది. టైర్లు త్వరగా పోతున్నాయని వాపోయే ముందు ఇది కొలిపించండి. చేలో పనికోసం యాక్సిల్ వెడల్పు మార్చినప్పుడల్లా కూడా మళ్ళీ కొలవాలి.

ఇక రోజువారీ పని. కింగ్ పిన్నులకీ, మధ్య పిన్నుకీ, కీళ్ళకీ గ్రీజు కొట్టే నిపుళ్ళు వుంటాయి. దుమ్ము తుడిచి, పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. మామూలు రోజుల్లో పుస్తకంలో చెప్పిన గంటల ప్రకారం చాలు. దమ్ము రోజుల్లో మాత్రం చక్రాలు బురద నీళ్ళలోనే వుంటాయి కనక, సాయంత్రం బండి కడిగాక రోజూ కొట్టాలి. లోపల చేరిన నీరు గ్రీజుతో బయటికి వచ్చేస్తుంది. దమ్ములు అయిపోగానే ఒకసారి హబ్బులు విప్పి చూసుకుంటే మంచిది. ఈ పనులు నేర్చుకోవాలనుకునే రైతులకీ, యువకులకీ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వుంది.

ఇవన్నీ మనం చెయ్యాలని కాదు. మనం అడగాలి. ఈసారి ఫోను వచ్చినప్పుడు "డబ్బు పంపుతాను తమ్ముడూ. ఏ కీలు అరిగింది? బేరింగులా, బుష్షులా? కొత్త పిన్నులు వేయించావా? పాత సామాను చూశావా?" అని అడగండి. మొదట్లో మా తమ్ముడూ నొచ్చుకున్నాడు. "నామీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు. "నీమీద నమ్మకం వుందిరా, తీగమీద లేదు" అన్నాను. ఇప్పుడు నేను అడక్కముందే తీసేసిన సామాను ఫోటో తీసి పంపుతున్నాడు.

ఇంకొక్క మాట. ఆ రోజు తప్పు తీగది మాత్రమే కాదు, నాది కూడా. ట్రక్కు ధాన్యానికీ, ఎరువుకీ గానీ మనుషులకి కాదు. చట్టమూ ఒప్పుకోదు. అది తెలిసీ సరదాకి పిల్లల్ని ఎక్కించాను. తరవాతి శివరాత్రికి మేమంతా ఆటోల్లో వెళ్ళాం. కాలవ గట్టు మలుపు దగ్గరికి వచ్చేసరికి మా చిన్నవాడు "అమ్మా, మన ట్రాక్టరు ఆగింది ఇక్కడేనా?" అని అడిగాడు. ఔనన్నాను.

ఆ తీగ ముక్క ఇప్పటికీ మా వంటింట్లో పోపులపెట్టె పక్కన చిన్న డబ్బాలో వుంది.