పుట్టింటి ఊళ్ళోనే దావా వేయవచ్చు

ఆదోనిలో బస్సెక్కితే సిరుగుప్ప, ఆ పైన బళ్ళారి. ఎమ్మిగనూరు దాటి మంత్రాలయం పోతే తుంగభద్ర అవతల రాయచూరు జిల్లా. ఈ వైపు పల్లెల్లో పిల్లనిచ్చేదీ, తెచ్చుకునేదీ సరిహద్దుకు అటూ ఇటూనే. కాపురం చక్కగా సాగినంతకాలం అది పక్క రాష్ట్రమన్న సంగతే గుర్తుకు రాదు. కాపురం చెడి, కూతురు చంకలో బిడ్డతో పుట్టింటికి చేరినప్పుడు మాత్రం ఎవరో ఒకరు అంటారు, ''కోర్టుకు పోవాలంటే మళ్ళీ ఆ ఊరికే పోవాలంట గదా!'' అని.

ఆ మాట నిజం కాదు. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం, భార్య తానిప్పుడు ఎక్కడ నివసిస్తోందో అక్కడి కోర్టులోనే విడాకుల పిటిషన్ వేయవచ్చు. అత్తవారిల్లు బళ్ళారిలో ఉన్నా సరే, పుట్టింట్లో ఉంటున్న అమ్మాయి ఈ వైపు కోర్టు మెట్లే ఎక్కవచ్చు.

ఏ కోర్టు?

కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని 1953లో చైనా పర్యటన తర్వాత గట్టిగా చెప్పింది మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. చట్టం మాత్రం 1984లో వచ్చింది. కర్నూలులో ఫ్యామిలీ కోర్టు ఉంది. ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి రాని చోట్ల సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఈ కేసులు విచారిస్తుంది. ఆదోనిలో ఆ కోర్టు ఉంది. మీ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో వకీలును అడిగి తెలుసుకోండి.

వకీలుకు డబ్బులేవీ అని దిగులు పడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అర్జీ ఇస్తే చాలు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

పంచాయితీ కాగితం చెల్లుతుందా?

''పెద్దమనుషులు కూచోబెట్టి స్టాంపు పేపరు మీద రాయించినారు, ఇంక విడాకులైపోయినట్లే'' అనుకునేవాళ్ళు చాలామంది. ఆ కులంలో అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితానికి విలువ లేదు. దాన్ని నమ్ముకుని మారుమనువు చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, పైగా కేసు కూడా కావచ్చు. రెండో భార్యగా వెళ్ళిన అమ్మాయికైతే రేపు పెన్షన్ దగ్గరా, ఆస్తి దగ్గరా చిక్కులే.

ఇద్దరూ ఒప్పుకుంటే...

ఏడాదిగా విడిగా ఉంటున్నవాళ్ళు పరస్పర అంగీకారంతో ఒకే పిటిషన్ వేయవచ్చు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. ఇక కలిసే ఆశే లేదని తోస్తే ఆ ఆరు నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చేలోగా మనసు మారితే సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కూ ఉంది. 'భరణం, సామాన్లు ఏమీ అడగను' అన్న వాక్యం కాగితంలో ఉందేమో చూడకుండా మాత్రం సంతకం పెట్టకండి. బంగారం, పాత్రలు, పెళ్ళిలో మీకు పెట్టినవన్నీ మీవే.

ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వం, రెండేళ్ళుగా వదిలేయడం, పరాయి సంబంధం వంటి కారణాలను సాక్ష్యంతో రుజువు చేయాలి. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ ''సర్దుకుపో తల్లీ'' అంటే తలూపాల్సిన పని లేదు. దెబ్బలుంటే దెబ్బలని చెప్పండి. నలుగురిలో ఎట్లా చెప్పేదని సంకోచం వద్దు. ఈ కేసుల విచారణ బయటివాళ్ళు లేకుండా తలుపులు మూసి జరపాలని చట్టమే చెబుతోంది.

తీర్పు దాకా తిండెలా?

ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా వాయిదాలు ఏళ్ళు పట్టడం మనకు తెలిసిందే. అందుకే విడాకుల కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణం అడగవచ్చు. విడాకులు వద్దనుకున్నవాళ్ళు కూడా మేజిస్ట్రేటు కోర్టులో మనోవర్తికి వేసుకోవచ్చు. అందరూ 125 సెక్షన్ అని పిలిచేది 2024 జులై నుంచి కొత్త చట్టంలో 144 అయింది. ఇద్దరూ ఆస్తి, ఆదాయ వివరాలు అఫిడవిట్ రూపంలో ఇవ్వాలనీ, మనోవర్తిని అర్జీ పెట్టిన రోజు నుంచే లెక్కగట్టాలనీ సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. భర్త పేరిట పొలం ఉంటే అడంగల్, ఉద్యోగం ఉంటే జీతం వివరాలు చేతనైనంత సంపాదించి పెట్టుకోండి.

ఆర్డరు వచ్చాక డబ్బు కట్టకపోతే ఏడాది లోపలే మళ్ళీ అర్జీ పెట్టాలి. ఆలస్యం చేస్తే ఆ బాకీకి ఈ దారిన వారెంటు అడిగే వీలుండదు.

ముస్లిం మహిళలకు 1939 నాటి చట్టం ఉంది. భర్త రెండేళ్ళుగా పోషించకపోయినా, నాలుగేళ్ళుగా ఆచూకీ లేకపోయినా పెళ్ళి రద్దు కోరవచ్చు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125 కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. అది తెలంగాణ నుంచి వెళ్ళిన కేసే.

నోటీసు వస్తే దాచొద్దు

ఒక్కోసారి భర్తే ముందు 'కాపురానికి రమ్మని' దావా వేస్తాడు. ఈ సెక్షన్ చెల్లదని సినీ నటి సరిత కేసులో మన హైకోర్టు 1983లో తీర్పిచ్చినా, 1984లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయితే డిక్రీ వచ్చినంత మాత్రాన చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయే అధికారం ఎవరికీ లేదు. కాకపోతే ఏడాదైనా కాపురం కలవకపోతే, అదే కారణంగా విడాకులు అడగవచ్చు.

అందుకే కోర్టు కాగితం వస్తే బీరువాలో పెట్టి ఊరుకోకండి. మీరు వెళ్ళకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. కేసు బళ్ళారిలోనో, రాయచూరులోనో ఉంటే ఇటువైపు మార్చమని సుప్రీంకోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు.

పెళ్ళి పత్రిక, పెళ్ళి ఫోటోలు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఆస్పత్రి చీటీలు, ఆధార్. వీటికి రెండేసి నకళ్ళు తీయించి పుట్టింట్లో భద్రంగా పెట్టుకోండి. కోర్టుకు పోవాలా, వద్దా అన్నది మీ ఇష్టం. దారి తెలియక మాత్రం ఆగిపోకండి.