అరుగు మీది బడి

మీ తరగతి గదిని ఒకసారి పరికించి చూడండి. ముందు నల్లబల్ల, దాని ఎదుట వరుసగా బెంచీలు, అందరి ముఖాలూ ఒకే వైపు! గది ఆకారానికీ పాఠం చెప్పే తీరుకూ ఏమైనా సంబంధం ఉందంటారా?

రెండు వందల ఏళ్ళ క్రితం మన గుంటూరు సీమలో చాలా బడులకు గదే లేదు. ఇంటి అరుగే బడి. మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల లెక్క తీయమన్నప్పుడు గుంటూరు జిల్లాలో 574 బడులు తేలాయి. పిల్లలు సుమారు 7,700 మంది. అంటే సగటున బడికి 13 మంది. వారిలో ఒకరు ఓనమాలు దిద్దుతుంటే మరొకరు ఎక్కాలు వల్లించేవారు. పంతులుగారు ఒక్కరే. అందుకని పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పేవారు. ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ, దాన్ని పైకి పలికేవారు.

మరి అంతా గోల కాదూ? గదిలో అయితే గోడలు ధ్వనిని తిప్పికొడతాయి; మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అరుగుకు ముందువైపు గోడ ఉండదు కనుక చాలా ధ్వని వీధిలోకి పోతుంది. ఏ గొంతు తడబడిందో పంతులుగారి చెవి పట్టేసేది. ఇక్కడ చోటే బోధన తీరును మలిచింది.

ఇసుకలో రాయించడం మద్రాసు ప్రాంతపు బడిలో చూసిన ఆండ్రూ బెల్, తన అనాథ బాలుర పాఠశాలలో దాన్ని ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించాడు. 1797లో దీనిపై లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి పద్ధతితోనే వందలమందికి ఒకే పెద్ద హాలులో చదువు చెప్పించాడు. మధ్యలో బెంచీల వరుసలు. గోడల వెంట పెద్ద పిల్లల చుట్టూ అర్ధవృత్తాలు. ఈసారి బోధన తీరే గదిని మలిచింది!

అయితే అరుగు ఒకరి సొంత ఇంటిది. అంటరానివారని ముద్ర వేసిన కులాల పిల్లలను దాని మీదికి రానిచ్చేవారు కారు. ఆడపిల్లలూ బహు కొద్దిమందే. ఎలా నేర్పాలో మాత్రమే కాదు, ఎవరికి నేర్పాలో కూడా ఆ చోటే తేల్చేసింది. అందరికీ చెందిన బడి భవనం విలువ అదే.

మీరే ఒక ప్రయోగం చేయండి. పత్తి పువ్వు భాగాల పాఠాన్ని మాస్టారి అనుమతితో సగం సేపు వరుసల్లో, సగం సేపు వలయంగా కూర్చుని వినండి. ఎవరెవరు పువ్వును తాకి చూశారో, ఎందరు ప్రశ్నలడిగారో రాసుకోండి. వెనుక బెంచీవారి పేర్లు ఏ పట్టికలో ఎక్కువున్నాయి?