ఫైర్ లైన్
మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ అడవుల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి. ఎండుటాకుల్లో అవి కనిపించవు కనుక చెట్టు కింద నిప్పు పెట్టి నేల శుభ్రం చేయడం పాత అలవాటు. తునికాకు బాగా చిగురిస్తుందనీ కొందరు కాలుస్తారు. ఆ నిప్పు చెట్టు కిందే ఆగితే పేచీ లేదు. గాలి తోడైతే ఆకుల మీదుగా పాకి ఊరి కంచెల దాకా వస్తుంది.

దాన్ని ఆపేదే ఫైర్ లైన్. ఎండలు ముదరకముందే అడవిలో ఒక పట్టీ మేర గడ్డి, ఆకులు ఊడ్చి, అదుపులో కాల్చేస్తారు. మంట అక్కడికొచ్చేసరికి తినడానికేమీ మిగలదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం నేరం. అటవీశాఖ పెడితే మాత్రం రక్షణ. ఊరివాళ్లకు ఇది వింతగా తోచడంలో వింతేముంది?

మరి మండనిస్తే? అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో 1972 నుంచి పిడుగులకు పుట్టిన మంటల్ని చాలావరకు వదిలేశారు. 1988లో సుమారు 3.2 లక్షల హెక్టార్లు మంటల పాలయ్యాయి. బీజాపూర్‌లోని ఇంద్రావతి టైగర్ రిజర్వు లోపలే ఊళ్లున్నాయి. ఇక్కడ ఆ పద్ధతి కుదరదు. ఇప్పచెట్టు కింద వల కడితే సగం గొడవ తీరుతుంది: పూలు నేలను తాకవు, నిప్పుతో పనీ ఉండదు.