సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు – అంతర్జాతీయ పాలనా వ్యవస్థ పాత్ర

పేదరికాన్ని, ఆకలిని నిర్మూలించి భూగోళాన్ని భావితరాలకు పదిలంగా అందించాలన్న సంకల్పంతో 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలోని 193 సభ్య దేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను, వాటి కింద 169 ఉపలక్ష్యాలను ఆమోదించాయి. వీటిలో అత్యధిక భాగానికి 2030 సంవత్సరం గడువుగా నిర్ణయించారు. అయితే సమితి 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, పురోగతిని అంచనా వేయగలిగిన ఉపలక్ష్యాలలో 35 శాతం మాత్రమే సక్రమంగానో, ఓ మోస్తరుగానో ముందుకు సాగుతున్నాయి. దాదాపు సగం మందకొడిగా నడుస్తుండగా, 18 శాతం 2015 నాటి స్థాయికన్నా దిగజారాయి. ఈ పరిస్థితికి మహమ్మారి, యుద్ధాలతోపాటు లక్ష్యాలను పర్యవేక్షించే అంతర్జాతీయ వ్యవస్థ స్వభావం కూడా ఒక కారణం.

స్వచ్ఛంద సమీక్షే ఆధారం

ఈ లక్ష్యాలకు చట్టబద్ధత లేదు. 2012 నాటి రియో సదస్సు నిర్ణయం మేరకు ఏర్పడిన ఉన్నతస్థాయి రాజకీయ వేదిక ఏటా సమావేశమై ప్రగతిని సమీక్షిస్తుంది. సభ్య దేశాలు తమ నివేదికలను స్వచ్ఛందంగా సమర్పిస్తాయి. భారతదేశం 2017, 2020, 2025 సంవత్సరాలలో ఈ నివేదికలు సమర్పించింది. వెనుకబడిన దేశంపై చర్య తీసుకునే అధికారం ఈ వేదికకు లేదు. నలుగురిలో లెక్క చెప్పవలసి వస్తుందన్న బాధ్యతాభావమే దీని బలం.

మాంట్రియల్ ఒప్పందం నేర్పిన పాఠం

ఓజోన్ పొర పరిరక్షణకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఇందుకు భిన్నమైనది. ఏ రసాయనాన్ని ఏ సంవత్సరానికి ఎంతమేర తగ్గించాలో అది స్పష్టంగా నిర్దేశించింది. ఒప్పందంలో చేరని దేశాలతో ఆయా రసాయనాల వ్యాపారాన్ని నియంత్రించింది. వర్ధమాన దేశాలు కొత్త సాంకేతిక పరిజ్ఞానానికి మారేందుకు 1991 నుంచి ఒక బహుపాక్షిక నిధి తోడ్పడుతోంది. 2009 నాటికి సమితి సభ్య దేశాలన్నీ దీనిని ధ్రువీకరించాయి. ఫలితంగా ఓజోన్‌కు హాని కలిగించే నియంత్రిత రసాయనాలలో సుమారు 99 శాతం వినియోగం నిలిచిపోయింది. ఓజోన్ సమస్యకు కారణమైన పరిశ్రమలు కొద్ది, ప్రత్యామ్నాయాలూ లభించాయి. పేదరికం, అసమానతలు అంత సులువుగా తొలగేవి కావు. అయినప్పటికీ గడువు, నిధులు, జవాబుదారీతనం మూడూ కలిసినచోట ఫలితం వస్తుందని ఈ ఒప్పందం రుజువు చేసింది.

నిధుల కొరత

సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతాన్ని అభివృద్ధి సహాయంగా ఇవ్వాలని సమితి 1970లోనే నిర్దేశించినా, దానిని చేరుకున్న దేశాలు కొన్నే. వర్ధమాన దేశాలకు ఏటా సుమారు 4 లక్షల కోట్ల డాలర్ల కొరత ఉందని అంచనా. ఈ లోటును పూడ్చేందుకు 2025లో స్పెయిన్‌లోని సెవిల్లెలో జరిగిన సదస్సుకు అమెరికా దూరంగా ఉండటం గమనార్హం.

గ్రామం నుంచే గణాంకం

అంతర్జాతీయ వ్యవస్థ బలంగా పనిచేసేది కొలమానాల ద్వారా. 2017లో సర్వప్రతినిధి సభ సూచికల చట్రాన్ని ఆమోదించగా, మన కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2018లో 306 సూచికలతో జాతీయ చట్రాన్ని రూపొందించింది. అదే ఏడాది నీతి ఆయోగ్ రాష్ట్రాలకు స్కోర్లు ఇవ్వడం ప్రారంభించింది. దేశం స్కోరు 2018లో 57 కాగా, 2023-24లో 71కి చేరింది. లక్ష్యాలను గ్రామ పంచాయతీలకు అన్వయించేందుకు 9 ఇతివృత్తాలుగా విభజించారు.

మాతృ మరణాలు ఇందుకు చక్కని ఉదాహరణ. 2030 నాటికి లక్ష సజీవ జననాలకు మరణాలు 70 లోపునకు తగ్గాలన్నది ప్రపంచ లక్ష్యం. నమూనా నమోదు వ్యవస్థ గణాంకాల ప్రకారం 2014-16లో ఈ నిష్పత్తి ఆంధ్రప్రదేశ్‌లో 74, తెలంగాణలో 81 కాగా, 2018-20 నాటికి వరుసగా 45, 43కు తగ్గింది. అదే కాలంలో జాతీయ సగటు 130 నుంచి 97కు దిగివచ్చింది. న్యూయార్క్‌లో నిర్ణయించిన అంకె నెరవేరేది పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అన్నది దీనివల్ల స్పష్టమవుతోంది.

కనుక క్షేత్రస్థాయి సిబ్బంది నమోదు చేసే ప్రతి అంకె అంతర్జాతీయ సమీక్షకు పునాది. ఆ అంకె తప్పయితే సమీక్షా తప్పుతుంది, నిధులూ దారి తప్పుతాయి. అధికారులు గణాంకాలను నిజాయితీగా నమోదు చేసి, పాత్రికేయులు వాటిని నిశితంగా పరిశీలించినప్పుడే శాసనబలం లేని ఈ లక్ష్యాలకు ప్రజాబలం చేకూరుతుంది.