మునిగిన ఊరికి మ్యూజియం

పల్నాటిలో బెల్లంకొండ అనగానే చరిత్ర చదివినవారికి కోట గుర్తుకు వస్తుంది. రెడ్డిరాజుల ఏలుబడిలో పేరు వహించిన గిరిదుర్గమిది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గాలలో, 1515లో వశమైన కొండవీటితో పాటు, దీని పేరు కూడా వినవస్తుంది. అయితే ఈ మండలానికి కోటను మించిన ప్రఖ్యాతి మరొకటి కలదు. వజ్రాల గనులకు జగత్ప్రసిద్ధి పొందిన కొల్లూరు ఈ మండలంలోని గ్రామమే.

పదిహేడవ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఈ గనులను చూచి, అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసినాడు. అతడు మన దేశం నుండి కొనిపోయి పదునాలుగవ లూయీకి అమ్మిన నీలి వజ్రమే, అనేక చేతులు మారి, కోతలు పడి, ‘హోప్ వజ్రం’ అనే పేరుతో 1958లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరినది. అది కొల్లూరు గనిలో పుట్టినదే కావచ్చునని పండితుల అభిప్రాయం. కోహినూరు కూడా ఇక్కడిదేనని లోకం చెప్పుకొంటున్నది గాని, దానికి తిరుగులేని సాక్ష్యం లేదు.

ఆ వజ్రం అద్దాల పెట్టెలో, దీపాల వెలుగులో, కావలివారి రక్షణలో ఉన్నది. అది పుట్టినదని చెప్పే ఊరు మాత్రం నీటి క్రింద ఉన్నది. 2013 డిసెంబరులో ప్రారంభమైన పులిచింతల జలాశయం ముంపులో కొల్లూరు వంటి గ్రామాలు కలిసిపోయినవి. జనం పునరావాస కేంద్రాలకు తరలిపోయినారు.

కృష్ణాతీరంలో ముంపు కొత్త సంగతి కాదు. నాగార్జునసాగరం కట్టవలసి వచ్చినప్పుడు నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఎడతెగని త్రవ్వకాలు సాగినవి. ఇక్ష్వాకుల నాటి కట్టడాలలో కొన్నింటిని రాయి రాయిగా ఊడదీసి మెట్టకు చేర్చినారు. 1966లో కొండమీదనే మ్యూజియం వెలసినది. విజయపురి మునిగినా, దాని కథను చెప్పే ఇల్లొకటి మిగిలినది. కొల్లూరుకు ఆ భాగ్యం కలుగలేదు. రాతికట్టడాలు లేని ఊరికి మ్యూజియం ఎవరు కట్టుదురు? అక్కడ మిగిలినవి మనుషుల జ్ఞాపకాలు, పెళ్లినాటి ఛాయాచిత్రాలు, దేవుని ఊరేగింపు బొమ్మలు, చేలగట్ల పేర్లు మాత్రమే. వాటిని గోడల నడుమ పెట్టుట కష్టం. గోడలు లేని మ్యూజియంలో పెట్టుట సాధ్యం.

గోడలు లేని మ్యూజియమంటే మాటల గారడీ కాదు. 2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి బ్రెజిల్ జాతీయ మ్యూజియం అగ్నికి ఆహుతి అయినది. రెండు శతాబ్దాల సేకరణలో అత్యధిక భాగం బూడిద అయినది. అప్పుడు వికీపీడియా కార్యకర్తలు లోకానికొక విన్నపం చేసినారు. ఆ మ్యూజియంలో ఎవరు ఏ వస్తువును ఎన్నడు ఛాయాచిత్రం తీసియున్నా, దానిని వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి భాండారంలో ఉంచవలసినదని కోరినారు. వేలాది చిత్రాలు వచ్చినవి. ఏనాడో విహారానికి వెళ్లినవాడు సరదాకు తీసికొన్న బొమ్మ, పోయిన వస్తువుకు జ్ఞాపికయై నిలిచినది.

పెద్ద మ్యూజియములు అంతకు ముందే ఈ త్రోవ త్రొక్కినవి. అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయం 2008లో తన పాత ఛాయాచిత్రాలను ఫ్లికర్‌లో ఉంచి, వీటిలోని మనుషులెవరో, స్థలాలేవో చెప్పవలసినదని ప్రజలను అడిగినది. జవాబులు వచ్చినవి, జాబితాలలోని తప్పులు కొన్ని దిద్దబడినవి. మన అమరావతి శిల్పాలకు నెలవైన బ్రిటిష్ మ్యూజియం 2010లో లియమ్ వయట్ అనే వికీపీడియా రచయితను ఐదు వారాలు తన వద్ద నిలుపుకొని, తన నిపుణులకూ వికీ రచయితలకూ పొత్తు కుదిర్చినది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 చిత్రాలను ఎవరైనా ఏ అనుమతీ లేకుండా వాడుకొనునట్లు విడిచిపెట్టినది.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. ఇన్నూరేండ్ల క్రిందట కర్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులు మొదలైనవారు ఊరూరా తిరిగి, కరణాల లెక్కలు, వృద్ధుల మాటలు, దేవాలయ శాసనాలు సేకరించినారు. అవే గ్రామ కైఫీయత్తులు. వాటిలో నమ్మదగినదీ కలదు, కట్టుకథయూ కలదు. అయినా అవి లేనిదే మన గ్రామచరిత్ర లేదు. అనేకులు కలిసి వ్రాసిన ఊరి చరిత్ర అనే అర్థంలో కైఫీయత్తు వికీకి పెద్దన్న వంటిది. భేదమొక్కటే. కైఫీయత్తు దొర పెట్టెలోనికి పోయినది. వికీ వ్రాసిన ఊరివారి ఎదుటనే ఉండి, వారి చేతనే దిద్దబడగలదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన పల్లెలు అనేకం తమ తమ పుటలు కలిగియున్నవి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ప్రచురితమైన ఆధారం లేని మాటను వికీపీడియా అంగీకరించదు. ‘మా తాత గనిగుంటలు చూపించినాడు’ అని కొల్లూరు వృద్ధుడు చెప్పిన సంగతి నిజమే కావచ్చును; వికీకి అది చాలదు. ఫేస్‌బుక్, వాట్సాప్‌లకు ఏ ఆధారమూ అక్కర లేదు. అందుచేతనే అక్కడ నిజమూ అబద్ధమూ ఒకే వేగంతో పరుగెత్తుతవి. ఈ రెండింటి నడుమ నిలువవలసినది మ్యూజియం. గుంటూరు, అమరావతి, నాగార్జునకొండ మ్యూజియములలో ఏదైనా పూనుకొని, ఫేస్‌బుక్‌లో ‘మీ ఇంట మునిగిన ఊరి బొమ్మలు ఉన్నవా?’ అని అడుగవచ్చును. వచ్చినవాటిని పరిశీలించి, తేదీ, స్థలం, ఇచ్చినవారి అంగీకారం నమోదు చేసి, వృద్ధుల మాటలను వారి గొంతుతోనే భద్రపరచి ప్రకటింపవచ్చును. అట్లు ప్రకటితమైనదానిని వికీ ఉదాహరించగలదు. సామాజిక మాధ్యమం పిలుచును, మ్యూజియం పరీక్షించును, వికీ నిలుపును. ఏ ఒక్కటి లేకున్నా మిగిలిన రెండూ కుంటుపడును.

ఇందులో అపాయం లేదా? ఉన్నది. ఎక్కడ ఏ విగ్రహమున్నదో గుర్తులతో సహా లోకానికి చెప్పినచో, గుప్తనిధుల దొంగలకు దారి చూపినట్లగును. కనుక కాపలా లేని చోట్ల గుర్తులను బహిరంగం చేయరాదు. కాని ఛాయాచిత్రమే లేకున్న అపాయం అంతకన్న పెద్దది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధశిల్పమొకటి దొంగల పాలై ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలకు చేరినది. అది స్వస్థలంలో ఉండగా తీసిన చిత్రం సాక్ష్యం పలికినది. 2016లో శిల్పం భారతదేశానికి అప్పగింపబడినది. బొమ్మ లేని శిల్పం పోయినచో, అది మాదని చెప్పుటకు మనకు నోరుండదు.

పల్నాడులోనే గోలి గ్రామపు స్తూపశిల్పాలు 1926లో వెలికివచ్చి మదరాసు మ్యూజియానికి తరలినవి. అమరావతి ఫలకాలు లండనులో ఉన్నవి. వాటిని రప్పించుట ప్రభుత్వాల పని. వాటి బొమ్మలను, వర్ణనలను తెలుగులో సమకూర్చుట మాత్రం మన పని. దానికి ఓడలు, ఒప్పందాలు అక్కరలేదు.

కొల్లూరు వీధులలో నడిచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. వారి చేతి సెల్‌ఫోనులలో, ట్రంకు పెట్టెలలో ఆ ఊరు కొంత బ్రతికియున్నది. ఫోను పాడైనప్పుడల్లా ఒక వీధి, పెద్దవారొకరు కన్ను మూసినప్పుడల్లా ఒక వాడ రెండవసారి మునుగుచున్నవి. బెల్లంకొండ ప్రాంతపు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వారానికొక ఇంటికి పంపి, ఒక్కొక్క బొమ్మను, ఒక్కొక్క మాటను వ్రాయించినచో, ఏ మ్యూజియం అధికారియైనా ఆ కట్టను కాదనలేడు. నీటిని ఆపుట మన చేతిలో లేకపోయినది. ఈ రెండవ ముంపును ఆపుట మన చేతిలోనే ఉన్నది.