టైరు ఎంత అరిగిందనే కాదు, ఎక్కడ అరిగిందో చూడాలి

మోటార్‌సైకిల్‌పై దూరప్రయాణాలు చేసేవారు కొత్త టైరు కొనేటప్పుడు ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ అని అడుగుతారు. దీర్ఘకాలం పరీక్షిస్తే అంతకన్నా ముఖ్యమైనది తెలుస్తుంది: అరిగిన టైరు ఆకారం.

హైవేపై బండి ఎక్కువసేపు నిటారుగా సాగుతుంది కనుక వెనుక టైరు మధ్యలో ముందుగా అరిగి చదునవుతుంది. మలుపులో వంగినప్పుడు ఆ చదును అంచు దాటేచోట బండి తడబడుతుంది. అందుకే కొన్ని టూరింగ్ టైర్లకు మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తని రబ్బరు వాడతారు.

గాడుల లోతు తగ్గేకొద్దీ టైరు వాననీటిని పక్కకు నెట్టలేదు. తడిరోడ్డుపై పట్టు తప్పుతుంది. కాబట్టి మధ్యలోనూ పక్కలనూ గాడుల లోతు కొలిచి, తిరిగిన కిలోమీటర్లతో పాటు రాసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడే టైరులో గాలి చూడాలి.

టైరు పక్కభాగంపై 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైనది. వాడకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది.