చెరువుకట్ట కాదు, కోట!

మునగాలవాణ్ణి అయిన నాకు కోట అంటే నడిగూడెం రాజావారి కోటే. అందుచేత ఓరుగల్లులో మట్టికోట చూపించినప్పుడు, “ఇది చెరువుకట్ట కదా!” అనేశాను. మిత్రులు నవ్వారు. తీరా ఎక్కి చూస్తే నా మాటలో కొంత నిజం లేకపోలేదు.

కందకం త్రవ్విన మట్టినే లోపలివైపు కట్టగా పోసి గట్టిపరిచారు. పాకాల, రామప్ప చెరువులు వెలసిన కాకతీయుల కాలంలో మట్టిని నిలబెట్టే విద్య కొత్తది కాదు గదా! గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను రుద్రమదేవి (1262–1289) పూర్తిచేసిందంటారు. రాతిగోడకు బయట, దానిని చుట్టివచ్చే వలయం ఇది. రాతిగోడ గుండు దెబ్బకు పగులుతుంది. మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. 1310లో మాలిక్ కాఫర్ సేనలు రాళ్లు విసిరే యంత్రాలతో వచ్చినా, ఈ కట్ట దాటడానికి వారాలు పట్టింది.

అంతటి కట్టకు నేడు గడ్డపారే శత్రువు. తోరణాల దగ్గర ఫొటోలు దిగే మనం, ఇక్కడ తట్టెడు మట్టి పోతే గమనిస్తామా? పడిన రాయిని మళ్లీ నిలబెట్టవచ్చు. మట్టి పోతే మిగిలేది వట్టి నేలే. సోదర విద్యార్థులారా! ఓరుగల్లు వెళితే ఈ ‘చెరువుకట్ట’ కూడా ఎక్కి రండి.